దుడుకు: ఒక మాటలో ఇమిడిన తీర్పు

నేను పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో, ఇంచుమించు ఒకే స్వభావం గల పనులకు ఒకే రాత్రి నాలుగు పేజీల్లో నాలుగు పేర్లు పెట్టి అచ్చుకు పంపడం మాకు మామూలు. ఆటల పేజీలో బ్యాటర్ క్రీజు వదిలి ముందుకొచ్చి కొట్టిన బంతి బౌండరీ దాటితే అది ‘దూకుడు’ అయ్యేది. అదే బంతి ఫీల్డర్ చేతిలో పడితే ‘నిర్లక్ష్యపు షాట్’ అయ్యేది. అంతర్జాతీయ వార్తల్లో పొరుగు దేశపు సైన్యం సరిహద్దు మీదికి వస్తే ‘దుందుడుకు చర్య’, నేర వార్తల్లో భర్త భార్యను కొట్టి చంపితే ‘క్షణికావేశం’, జిల్లా పేజీలో లారీ ఆటోను గుద్దితే ‘అతివేగం, అజాగ్రత్త’. వేగంగా పని సాగాలి కాబట్టి చేతికి అలవాటైన మాట వేసి వెళ్లిపోయేవాళ్లం. కానీ ఇవి ఒకదాని బదులు ఒకటి వాడుకోదగిన మాటలు కావు. ప్రతి మాటలోనూ ఆ పని చేసిన మనిషి మీద ఒక తీర్పు ఇమిడి ఉంటుంది. మాట మారితే తీర్పు మారుతుంది. వీటన్నిటికీ నడుమ ఉండి కూడా అచ్చులో తక్కువగా, ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట ‘దుడుకు’. దాని అర్థాన్ని సరిగ్గా పట్టుకుంటే మిగిలిన మాటల హద్దులు కూడా తేలతాయి.

దుడుకు అంటే ఆలోచనకు పట్టవలసిన వ్యవధి ఇవ్వకుండా పని మీదికో మాట మీదికో పోయే గుణం. ‘వెనకా ముందూ చూడకుండా’ అని మనం విడమరచి చెప్పేదాన్ని ఈ మూడక్షరాలు ఒక్క ఊపులో చెబుతాయి. దుడుకుతనం, దుడుకుపని, దుడుకు మనిషి, దుడుకుగా అంటూ ఇది గుణానికీ చేతకూ మనిషికీ తీరుకూ పనికివస్తుంది. దీని వాడుకలో గమనించవలసింది మరొకటి ఉంది. ‘వాడు దుడుకు’ అనేదానికన్నా ‘వాడికి కాస్త దుడుకెక్కువ’ అనడమే మనకు సహజం. అంటే కూరలో కారంలాగా దుడుకు అందరిలోనూ ఎంతో కొంత ఉండేదే, ఫలానా మనిషిలో పాలు మించిందనే లెక్క. దుర్మార్గం అలాంటిది కాదు. ‘వాడికి కాస్త దుర్మార్గం ఎక్కువ’ అని ఎవరూ అనరు. ఈ వాక్యనిర్మాణంలోనే సగం క్షమ ఉంది.

పొరుగు భాషల్లో దీని తోబుట్టువులు కనిపిస్తాయి. కన్నడంలో దుడుకు అనేది క్రియగా కూడా నడుస్తుంది. ‘దుడుకబేడ’ అంటే తొందరపడి ఏదో ఒకటి చేసెయ్యకు అని. తమిళంలో ‘తుడుక్కు’ అన్నప్పుడు మాటకు ముందు మాట చెప్పే పెంకెతనం, పెద్దల ముందు అదుపు లేని చిలిపితనం ధ్వనిస్తాయి. కన్నడం తొందర వైపు, తమిళం అల్లరి వైపు మొగ్గగా, తెలుగు దుడుకు ఈ రెండింటినీ తనలో ఉంచుకుంది. గోడ దూకే పిల్లవాడూ దుడుకే, పెళ్లివిందులో మాట పట్టింపు వచ్చి విస్తరి ముందు నుంచి లేచిపోయే మేనమామా దుడుకే.

మొదటి అక్షరాన్ని మళ్లీ పలికి బలం పెంచిన రూపం ‘దుందుడుకు’. మొదలుకు మొట్టమొదలు, చివరకు చిట్టచివర, పగటికి పట్టపగలు ఉన్నాయి కాని, ఆ జట్టులో నడిమి అక్షరం జంట టకారం అవుతుంది. దుందుడుకులో ఆ చోట సున్న వచ్చింది. రూపం సంగతి ఎలా ఉన్నా, అర్థంలో మాత్రం ఇది కేవలం ఎక్కువ దుడుకు కాదు. ఇంట్లో దుడుకు అంటారు, పత్రికలో దుందుడుకు అంటారు. మొదటిదానిలో ఉన్న చనువు రెండోదానిలో లేదు. ఒక దేశం ‘దుందుడుకు వైఖరి’ అవలంబిస్తోందని రాసినప్పుడు ఆ దేశం ఆలోచించకుండా చేస్తోందని మన ఉద్దేశం కాదు. నిజానికి బాగా లెక్క వేసుకునే చేస్తుంది. అక్కడ మనం చెప్పదలచుకున్నది కయ్యానికి కాలు దువ్వడం. అలాంటప్పుడు కవ్వింపు అంటే సరిపోతుంది. లెక్క వేసుకుని చేసిన పనికి లెక్క లేనితనాన్ని అంటగడితే, చేసినవారికి తెలియకుండానే వెసులుబాటు ఇచ్చినట్టవుతుంది.

ఈ వెసులుబాటు ఎలా పనిచేస్తుందో నేను మొదటిసారి గ్రహించింది పదేళ్ల వయసులో, తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో. మా మేనమామకూ దాయాదులకూ గట్టు తగాదా ఉండేది. ఒక సాయంత్రం మాటామాటా పెరిగింది. ఆ రాత్రి మామయ్య గడ్డపార తీసుకుని చేలోకి వెళ్లి హద్దురాళ్లు మూడూ పెకలించి కాలవ గట్టున పడేశాడు. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికి పెరట్లో బావి దగ్గర మోచేతుల దాకా బురదతో నిలబడి చేతులు కడుక్కుంటున్నాడు. రాళ్లను మళ్లీ తానే వాటి గుంటల్లో పాతి వచ్చాడు. అయినా సంగతి దాగలేదు. పొద్దెక్కాక దాయాదుల పెద్దాయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అమ్మమ్మ అంది, “వాడిది దుడుకేగానీ దుర్బుద్ధి కాదు తమ్ముడూ.” ఆయన గొంతు పెంచకుండానే జవాబిచ్చాడు, “దుడుకు కాదక్కా, తెంపరితనం. గడ్డపార ఇంట్లోంచి మోసుకెళ్లాడు.” అమ్మమ్మ కాసేపు ఆగి అంది, “తెల్లారకుండా తిరిగి పాతిందీ వాడేగా.”

ఆ రోజు నాకు అది పెద్దవాళ్ల మాటల పట్టింపులా అనిపించింది. ఇప్పుడు చూస్తే వారిద్దరూ నిజమైన వివాదాంశం మీదే మాట్లాడారు. తెంపు, తెంపరి, తెగువ, తెగింపు అన్నీ తెగడం, తెంచడం అనే భావం నుంచి వచ్చినవి. తెగువ గలవాడు భయాన్ని తెంచుకున్నవాడు; తెంపరి భయంతో పాటు మంచిచెడ్డల కట్టును కూడా తెంచుకున్నవాడు. తెంపరికి పర్యవసానం తెలుసు, తెలిసీ లెక్కచేయడు. దుడుకు గలవాడికి తెలిసే వ్యవధే ఉండదు. పెద్దాయన సాక్ష్యంగా చూపిన గడ్డపార ఈ తేడాకు సంబంధించినదే: ఇంటి నుంచి చేను దాకా నడిచినంత సేపూ చేతిలో బరువు ఉంది, ఆలోచించుకునే సమయమూ ఉంది. అమ్మమ్మ చూపిన సాక్ష్యం పని జరిగిన తరవాతి గంటలది. ఎవరి వాదన సరైనదో ఇంకాసేపటికి వద్దాం.

పాత సాహిత్యంలో ఈ మాటకు అత్యంత ప్రసిద్ధమైన చోటు త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాల్లో రెండోది, గౌళ రాగంలోని ‘దుడుకు గల’ కృతి. ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో వందలమంది గొంతు కలిపి పాడతారు. పల్లవిని చాలామంది ‘దుడుకు గల నన్నే’ అని విరిచి, ఆ ఏత్వాన్ని ‘నన్ను మాత్రమే’ అనే నొక్కుగా భావిస్తారు. అక్కడ ఉన్నది ‘నన్ను + ఏ దొర కొడుకు బ్రోచురా’ అనే ప్రశ్న. పల్లవి చివరనున్న ‘ఎంతో’ మళ్లీ మొదటికి వెళ్లి అతుక్కుంటుంది: ఎంతో దుడుకు గల నన్ను ఏ దొరకొడుకు కాపాడతాడు? చరణాలు చాలావరకు అదే విధంగా విశేషణాలుగా సాగి, చివరకు ‘దుడుకు గల’ అనే మాట దగ్గరికే వచ్చి ఆగుతాయి. చాలా చరణాలు ఒప్పుకోళ్లే, ప్రతి ఒప్పుకోలు ముగిసే చోటు ఆ మాట.

అయితే ఆ ఒప్పుకోళ్లు ఏమిటి? చిన్న వయసులోనే భజన రుచి ఎరగక కుతర్కానికి దిగడం, పరుల సొమ్ము కోసం ఎదుటివారి మనసు కరిగేలా మాట్లాడి కడుపు నింపుకోవడం, భార్యాబిడ్డల కోసం ఆస్తి కోసం రోజులు వెళ్లబుచ్చడం. ఇవి క్షణంలో జరిగిపోయే పనులు కావు, ఏళ్ల తరబడి సాగేవి. మనం నేడు దుడుకు అనేదానికి ఇది సరిపోదు. ‘చపల చిత్తుడనైన’ అని ఒక చరణంలో అంటారు. అనుపల్లవిలో చెడు విషయాల వైపు ఈడ్వబడడం ‘గడియ గడియకు’ జరుగుతుందని అంటారు. ఈ రెండూ కలిపి చూస్తే ఆ కృతిలో దుడుకు అంటే పగ్గం లేని మనసు. అది ఒక్క దూకు కాదు, ప్రతి గడియలోనూ జరిగే చిన్న చిన్న జారుడులన్నీ కలిసి ఒక జీవితం కావడం. నేటి అర్థం దానిలో ఒక భాగం మాత్రమే. పగ్గం లేనితనం బయటపడే క్షణానికి మనం ఆ పేరును కుదించుకున్నాం.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ కృతిలో మాట ఎవరిని ఉద్దేశించి వచ్చిందన్నది. ఆయన దుడుకును తనకే ఆపాదించుకున్నాడు. తన తప్పుకు తానే ఆ పేరు పెట్టుకుంటే అది ఒప్పుకోలు. తనవాడి తప్పుకు మరొకరు పెడితే అది సమర్థన. మాట ఒక్కటే, బరువు వేరు.

పక్కనే ఉన్న ‘సాహసం’ చేసిన ప్రయాణం ఇంకా దూరమైనది. ఈనాడు పిల్లల్ని నీటిలోంచి కాపాడిన బాలుడికి సాహస పురస్కారం ఇస్తాం. కానీ సంస్కృతంలో ఈ మాట మొదట నేరాల జాబితాలోనిది. మనుస్మృతి చెప్పే పద్దెనిమిది వివాదాంశాల్లో సాహసం ఒకటి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ‘సాహసమన్వయవత్ ప్రసభకర్మ’ అని నిర్వచించాడు. ఎదుటివారి సమక్షంలోనే బలవంతంగా చేసే పని సాహసం, చాటున చేస్తే అది దొంగతనం. జరిమానాల మూడు మెట్లకూ సాహసదండాలనే పేరు. ఇక దానికి దగ్గరిదైన ‘సహసా’ అనే అవ్యయం తొందరపాటును చెబుతుంది. భారవి కిరాతార్జునీయంలో ‘సహసా విదధీత న క్రియామ్ అవివేకః పరమాపదాం పదమ్’ అని ధర్మరాజు చేత భీముడికి చెప్పిస్తాడు: తొందరపడి ఏ పనీ చేయరాదు, వివేకం లేకపోవడమే పెద్ద ఆపదలకు నెలవు, ఆలోచించి చేసేవాణ్ని సంపదలు తామే వచ్చి వరిస్తాయి. భీముడికి ధైర్యం లేదనీ, అతని కోపం అన్యాయమనీ ఎవరూ అనడం లేదు. కాలం కలిసిరాక ముందే దూకుతున్నాడన్నదే ఆక్షేపణ. ఆక్షేపించిన పనికీ నేడు పురస్కారం ఇస్తున్న పనికీ ఒకే ధాతువు నుంచి పేర్లు వచ్చాయి. సాహసం పూర్తిగా మెప్పు మాటగా మారిపోయాక, దాని పాత చెడును చెప్పడానికి మనం ముందు ‘దుస్’ తగిలించి దుస్సాహసం అనవలసి వస్తోంది.

దూకుడు కూడా ఇప్పుడు అదే దారిలో ఉంది. దూకు నుంచి వచ్చిన ఈ మాట మా చిన్నతనంలో మందలింపు. ‘నీ దూకుడు కొంచెం తగ్గించు’ అనేవారు. 2011లో ఒక పెద్ద సినిమాకు పేరైంది. ఆ తరవాత షేర్ మార్కెట్‌కు, పార్టీలకు, మొబైల్ కంపెనీలకు కూడా దూకుడు వచ్చేసింది, అదీ మెచ్చుకోలుగానే. భాష మారడాన్ని నేను తప్పు పట్టను. కాకపోతే ఫలితాన్ని బట్టి పేరు పెట్టే అలవాటు ఇక్కడ కుదురుకుంది. బ్యాట్ ఊపిన క్షణంలో ఆటగాడి మనసు ఒక్కటే. బంతి ఎక్కడ పడిందన్నది తరవాతి సంగతి. గెలిస్తే దూకుడు, ఓడితే నిర్లక్ష్యం అని రాయడం వల్ల, ఆ మనసును గురించి మనం ఏమీ చెప్పినట్టు కాదు. ‘వినినంతనె వేగపడక వివరింపదగున్’ అన్న సుమతీ శతకకారుడు వేగపడడాన్ని ఫలితంతో కొలవలేదు. విన్నది నిజమే అయినా, విన్న వెంటనే దూకితే తప్పే.

ఇప్పటివరకూ చెప్పినవి పలుకుబడికి సంబంధించినవి. న్యాయస్థానంలో ఒక మనిషి చేసింది ఏ రకం తప్పో ఇదే తేడా మీద తేలుతుంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 1870లో చేర్చిన 304ఎ సెక్షన్, దుడుకుతనం (చట్టంలోని ఇంగ్లీషు మాట ‘రాష్’) వల్ల గాని నిర్లక్ష్యం వల్ల గాని ఒకరి మరణానికి కారణమైతే రెండేళ్ల దాకా శిక్ష విధించింది. ‘గాని’ అనే పదం అక్కడ ఊరికే పడలేదు. ఆ రెండింటినీ విడదీసి చెప్పిన ప్రసిద్ధ వ్యాఖ్య 1872లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ హోలోవేది. అదీ ఒక తెలుగు ఇంటిపేరు గల మనిషి కేసులోనే వచ్చింది. దాని సారాంశం ఇది: మొదటి రకం నేరంలో హాని జరగవచ్చని మనిషికి స్పృహ ఉంటుంది, జరగదులే అనే ఆశతో ముందుకు పోతాడు, చాలినంత జాగ్రత్త తీసుకున్నాననీ అనుకోవచ్చు. రెండో రకంలో హాని జరుగుతుందన్న స్పృహే ఉండదు, కానీ అతను తీసుకోవలసిన జాగ్రత్త తీసుకుని ఉంటే ఆ స్పృహ కలిగి ఉండేది. మొదటివాడి తప్పు తెలిసీ పోవడం, రెండోవాడి తప్పు తెలుసుకోకపోవడం. దేశంలోని న్యాయస్థానాలు ఈ వివరణను ఈనాటికీ ఉటంకిస్తున్నాయి.

ఈ విభజనను తెలుగు మాటల పక్కన పెట్టి చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. చట్టం మొదటి రకంగా చెప్పేది మన దుడుకు కన్నా తెంపరితనానికి దగ్గర. వంతెన మీద మలుపులో ఎదురుగా ఏమొస్తోందో కనబడకపోయినా, ఏమీ రాదులే అని ముందున్న బస్సును దాటే డ్రైవర్‌కు ప్రమాదం సంగతి తెలుసు. చూపుడువేలు సెల్‌ఫోన్ మీద పెట్టి రోడ్డు మీద చూపు నిలపనివాడిది అజాగ్రత్త. హారన్ కొట్టి తనను దాటిపోయినవాడి మీద ఉక్రోషంతో ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పినవాడిది దుడుకు. ముగ్గురూ వేర్వేరు మనుషులు. మన పోలీసు కాగితాల్లో మాత్రం ముగ్గురి మీదా పడే వాక్యం ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్నదే. వేగం అనేది మనసు స్థితి కాదు, బండి స్థితి. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ తెచ్చేవాడు అతివేగి కాడు, కానీ హోలోవే చెప్పిన మొదటి రకానికి అచ్చమైన ఉదాహరణ. చట్టంలోని ఆ మొదటి మాట స్థానంలో ‘అతివేగం’ పెట్టుకోవడంతో, తెలిసీ చేశాడా తెలియక చేశాడా అనే అసలు ప్రశ్న తెలుగు వాక్యంలోంచి జారిపోయింది. ఆ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసే సాక్షి తెలుగే చదవగలడు, లేదా విని అర్థం చేసుకోగలడు కనుక, ఇది మాటల పట్టింపు అని కొట్టిపారేయదగినది కాదు.

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 304ఎ స్థానంలో 106వ సెక్షన్ వచ్చి శిక్ష అయిదేళ్ల దాకా పెరిగింది. దానిలోని రెండో ఉపవిభాగం, గుద్ది మనిషి మరణానికి కారణమై, పోలీసులకో మేజిస్ట్రేటుకో వెంటనే తెలియజేయకుండా పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా శిక్ష చెబుతుంది. లారీ డ్రైవర్ల ఆందోళన తరవాత, మిగతా చట్టం అమలైన రోజున దీన్ని మాత్రం పక్కన ఉంచారు. ఆగితే జనం కొడతారన్న వారి భయం అసత్యం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నాకు ఇక్కడ ఆసక్తి కలిగించేది, చట్టం రాసినవారు గుద్దిన క్షణాన్ని ఒక ఉపవిభాగంలోనూ, గుద్దిన తరవాతి నడతను మరో ఉపవిభాగంలోనూ పెట్టడం. మా అరుగు మీద అమ్మమ్మ చేసినదీ అదే.

క్షణికావేశం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట వల్ల జరుగుతున్న హాని నా కళ్ల ముందు జరిగింది, నా చేతుల మీదుగా కూడా జరిగింది. ఆవేశం అంటే లోపలికి ప్రవేశించడం. దేవత పూనడాన్ని కూడా ఆవేశించడమనే అంటాం. కాబట్టి ‘ఆవేశంలో చేశాడు’ అంటే ఏదో అతనిలోకి వచ్చి చేయించింది, అది వెళ్లిపోయాక మళ్లీ మామూలు మనిషి అయ్యాడు అని. దానికి క్షణిక అనే విశేషణం కూడా తోడైతే, చేసినవాడి బాధ్యతలో మిగిలేది ఒక్క క్షణం. చట్టంలోనూ ఇలాంటి మినహాయింపు ఉంది: తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టబడి మనసు మీద అదుపు కోల్పోయి చేసిన హత్యను తక్కువ నేరంగా చూస్తారు. కానీ ఆ హఠాత్తు ఎంతసేపు? భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. నిందితుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇల్లు వదిలాడు, కాల్పులు జరిగింది నాలుగు గంటల ఇరవై నిమిషాలకు. తనను తాను అదుపులోకి తెచ్చుకోవడానికి ఆ సుమారు మూడు గంటలు చాలునని కోర్టు తేల్చింది. మధ్యలో ఆయన తుపాకీ తెచ్చుకున్నాడు. అది బొంబాయి, ఇది తెనాలి దగ్గరి పల్లె. అక్కడ ప్రాణం పోయింది, ఇక్కడ మూడు రాళ్లు లేచాయి. రెండు పనుల తూకం ఒక్కటి కాదు. కానీ గడ్డపార ఇంట్లోంచి మోసుకెళ్లాడు అన్న పెద్దాయన వాదనలోని తర్కమే ఆ తీర్పులోనూ ఉంది.

నేర వార్తల్లో క్షణికావేశం అని శీర్షిక పెట్టేటప్పుడు ఆ మధ్య వ్యవధి సంగతి మేము అడిగేవాళ్లం కాదు. ఏళ్ల తరబడి కొట్టినవాడు చివరిరోజు కొట్టిన దెబ్బకు భార్య చనిపోతే, ఆ చివరి దెబ్బను మాత్రమే లెక్కపెట్టి క్షణం అనేవాళ్లం. ఇళ్లలో కూడా దుడుకు అనే మాటను ఇలాగే అడ్డం పెడతారు. కొట్టిన దెబ్బలు చూపించుకోవడానికి పుట్టింటికి వచ్చిన పిల్లతో ‘మనిషి మంచివాడేనమ్మా, కాస్త దుడుకెక్కువ’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట నిజమో కాదో పరీక్షించడానికి మాటలోనే ఆధారం ఉంది. దుడుకు ఎదురుగా ఉన్నది ఎవరో చూడదు. చూసేటంత వ్యవధి దానికి లేదు. తన పైఅధికారి ముందు, ఊరి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ముందు, తనకన్నా బలమైన అన్నగారి ముందు ఎన్నడూ చెయ్యి లేవనివాడు, ఇంటికి వచ్చి తలుపు వేశాకే చెయ్యి లేపుతున్నాడంటే, అతను ఎంచుకుంటున్నాడు. ఎంపిక ఉన్నచోట దుడుకు లేదు. దానికి క్రూరత్వం అనే పేరు ఉంది, దౌర్జన్యం అనే పేరు ఉంది. ఆ పేరే పెట్టాలి. నిజమైన దుడుకు మనిషి ఆ గుణంతో ముందు తనకే నష్టం తెచ్చుకుంటాడు: పైఅధికారితో మాట మీరి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, బేరం కుదిరే వేళ లేచిపోతాడు, అయినవాళ్ల పెళ్లికి వెళ్లలేక తరవాత కుమిలిపోతాడు.

మనస్తత్వ శాస్త్రం కూడా ఈ గుణాన్ని ఒకే ముద్దగా చూడడం మానేసింది. 2001లో వైట్‌సైడ్, లైనమ్ అనే పరిశోధకులు దీన్ని నాలుగుగా విడదీశారు: బాధ పెట్టే ఉద్వేగం తరుముతుంటే ఆగలేకపోవడం, ముందు ఆలోచించకపోవడం, చేపట్టిన పనిలో నిలవలేకపోవడం, కొత్త ఉత్తేజం కోసం వెతకడం. ఒక మనిషిలో ఒకటి ఉండి మిగిలినవి లేకపోవచ్చు. ఆవేశం, తొందరపాటు, చపలత్వం, సాహసప్రియత్వం అని మనం ఎప్పటినుంచో వేరువేరుగా అంటూ వస్తున్నవి ఇంచుమించు ఇవే. వీటిలో తొందరపాటుకూ దుడుకుకూ ఉన్న భేదం సున్నితమైనది. ఒక సంఘం నలుగురూ కూర్చుని, టీ తాగి, చల్లగా మాట్లాడుకుని కూడా తొందరపాటు నిర్ణయం తీసుకోవచ్చు. దుడుకు నిర్ణయం అలా సంఘంగా కూర్చుని తీసుకునేది కాదు. దానికి ఒక ఒళ్లు, ఒక వేడి కావాలి. దురుసు ఇంకోటి: అది ఎదుటివారి పట్ల మాటతీరులోని మొరటుతనం, నింపాదిగా కూడా దురుసుగా ఉండవచ్చు.

ఇక గడ్డపార దగ్గరికి వస్తాను. చాలాకాలం నేను అమ్మమ్మ పక్షమే. ఇప్పుడు పెద్దాయన చెప్పింది రాత్రి జరిగిన పనికి సరైన పేరని ఒప్పుకుంటాను. ఆ రాత్రిది తెంపరితనమే. అమ్మమ్మ చూసింది తెల్లవారుజామును. సుందరకాండలో లంకను కాల్చాక హనుమంతుడికి హఠాత్తుగా సీత గుర్తుకు వస్తుంది. ఆమె కూడా కాలిపోయి ఉంటుందేమో అన్న ఆలోచనతో తనను తాను నిందించుకుంటాడు. రేగిన కోపాన్ని నీళ్లతో నిప్పునార్పినట్టు బుద్ధితో ఆర్పుకునేవారే ధన్యులంటాడు. నిలకడ లేని కోతిబుద్ధి చూపించానంటాడు. ఆమె క్షేమంగా ఉందని ఆకాశంలోని చారణుల మాటల వల్ల తెలిసినా, అంతటితో సముద్రం దాటి వెళ్లిపోడు. వెనక్కి అశోకవనానికి వెళ్లి ఆమెను కళ్లారా చూసి, అప్పుడు బయలుదేరుతాడు. చేసినదాన్ని వెనక్కి వెళ్లి చూడడం దుడుకు మనిషికి ఉన్న ఒక్క లక్షణం. తెంపరికి అది ఉండదు. ఆ రాత్రి మామయ్యలో ఇద్దరూ ఉన్నారు. పెద్దాయన ఆ రోజు ఫిర్యాదు మానుకున్నాడు, కానీ తన మాట మాత్రం మార్చుకోలేదు. మామయ్య అరుగు కిందే నిలబడి, “దుడుకుపని చేశాను బాబాయ్” అన్నాడు. అంతకుముందు అమ్మమ్మ నోటి నుంచి వచ్చినప్పుడు తోసిపుచ్చిన ఆ మాటను, అతని నోటి నుంచి వచ్చినప్పుడు ఆయన కాదనలేదు. ఆ రాళ్లలో నడిమిది ఇప్పటికీ కొంచెం తూర్పుకు వాలి ఉంటుంది. చీకట్లో, ఒక్కడే, తాడు పట్టేవాళ్లు లేకుండా పాతాడు.